ఇజ్రాయెల్‌లో ఉద్యోగం, హనుమకొండలో చాకిరీ: సంరక్షణ పనిపై ఉత్తర తెలంగాణ యువత లెక్క

జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల సంగతి అందరికీ తెలుసు. అవే ఊళ్ల నుంచి ఇజ్రాయెల్‌కు పోయినవాళ్లూ ఉన్నారని మాత్రం చాలామందికి 2023 అక్టోబర్‌లోనే తెలిసింది. అక్కడ యుద్ధం మొదలయ్యాక, ఇక్కడ ఫోన్లు పట్టుకుని కూర్చున్న కుటుంబాలను టీవీలు చూపించాయి. అలా పోయినవాళ్లలో ఎక్కువమంది చేసేది కేర్‌గివర్ పని. వయసు మళ్లిన ఒక మనిషి ఇంట్లోనే ఉండి స్నానం చేయించడం, బట్టలు మార్చడం, తినిపించడం, వేళకు మందులివ్వడం, చక్రాల కుర్చీలో కాసేపు బయట తిప్పుకురావడం. ఆడవాళ్లే కాదు, వ్యవసాయ కుటుంబాల్లో పుట్టిన మగపిల్లలు కూడా ఈ పనిలో ఉన్నారు.

అలాంటి అబ్బాయికి సంబంధం చూసేటప్పుడు “పోరడు ఏం జేస్తడు?” అని అడిగితే “ఇజ్రాయెల్ల ఉంటడు” అన్న జవాబు సరిపోతుంది. మాట జీతం మీదికి, కట్టుకున్న ఇంటి మీదికి పోతుంది. అదే అబ్బాయి హనుమకొండలో ఒక రిటైర్డ్ ఉద్యోగి ఇంట్లో, పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దాయనను చూసుకుంటున్నాడని చెబితే ఆ సంబంధం ముందుకు సాగదు. రెండు చోట్లా చేసే పని ఒకటే, చేసే చేతులూ అవే. ఒక చోట దాన్ని ఉద్యోగం అంటున్నాం, ఇంకో చోట చాకిరీ అంటున్నాం.

ఈ కాలం పిల్లలకు సేవాభావం లేదని, ముసలివాళ్లను చూసే ఓపిక లేదని పెద్దలు తరచూ అంటుంటారు. ఆ మాట నిజం కాదు. ఓపిక లేనివాళ్లు పరాయి దేశంలో, పరాయి భాషలో, పరాయి మనిషికి ఏళ్ల తరబడి ఒళ్లు తుడవలేరు. ఇక్కడి యువత తప్పుకుంటున్నది మనిషిని చూసుకోవడం నుంచి కాదు. ఆ పనికి మన దగ్గర ఉన్న ఏర్పాటు నుంచి తప్పుకుంటోంది. ఆ ఏర్పాటును దగ్గరగా చూస్తే వాళ్ల నిర్ణయం సబబుగానే కనిపిస్తుంది.

మొదట ఇంటి సంగతి. ఈ పని పిల్లలకు కొత్తది కాదు, పుట్టిన ఇంట్లోనే మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణలో పాలుపంచుకుంటున్నారు. వాళ్లు రోజుకు సగటున 140 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. మగవాళ్లలో ఆ వాటా 21.4 శాతం, సమయం 74 నిమిషాలు. వంట, బట్టలు ఉతకడం, ఇల్లు ఊడ్వడం ఈ లెక్కలోకి రావు, వాటిని వేరుగా లెక్కించారు. ఇందులో పెద్ద భాగం చిన్నపిల్లల ఆలనపాలనే అయినా, మంచాన పడ్డ పెద్దలను చూసుకోవడం కూడా ఇక్కడే ఉంది.

ఇంట్లో నాయనమ్మ పడిపోయి తుంటి ఎముక విరిగిందనుకుందాం. ఇంటర్ చదివే మనవరాలు వారానికి రెండు రోజులు కాలేజీ మానుతుంది. పక్క గదిలో మనవడి కోచింగ్ మాత్రం ఆగదు. ఎవరూ ఆమెను కాలేజీ మానమని గట్టిగా చెప్పరు. “నువ్వైతే మంచిగ చూసుకుంటవు బిడ్డా” అంటారు. ఆ మెచ్చుకోలుతోనే పని ఆమె మీద పడుతుంది. పరీక్షల్లో మార్కులు తగ్గితే ఆ మాట ఎవరికీ గుర్తుండదు. బొగ్గు గనుల ఊళ్లలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గోదావరిఖనిలోనో, భూపాలపల్లిలోనో సింగరేణి కార్మికుడు మెడికల్ అన్‌ఫిట్ అయితే కారుణ్య నియామకం కింద వారసుడికి ఉద్యోగం వస్తుంది. కొడుకు షిఫ్టుకు పోతాడు. అన్‌ఫిట్ అయి ఇంటికి చేరిన తండ్రిని చూసుకునే పని కోడలికి వస్తుంది. ఉద్యోగానికి ఆర్డరు కాగితం ఉంటుంది, ఈ పనికి ఏ కాగితమూ ఉండదు.

ఇలా పెరిగిన ఆడపిల్ల ఇదే పనిని జీవనోపాధిగా ఎంచుకోవాలంటే వెనకాడడంలో వింత లేదు. జీతం లేకుండా, అడగకుండా, అందరూ ఆమె నుంచి తీసుకున్న పని అది. దానికి డబ్బిస్తామన్నా, ఆ డబ్బు తక్కువగానే ఉంటుందని ఆమెకు ముందే తెలుసు.

ఇంతకీ ఆ పనిలో ఏముంది? ఏముందో తెలియకపోవడమే దాన్ని చిన్నచూపు చూడటానికి సగం కారణం. పక్షవాతం వచ్చిన మనిషిని వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజు ఏం జరుగుతుందో గమనిస్తే తెలుస్తుంది. ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబు ఉంటుంది. మూత్రానికి సంచి ఉంటుంది. వార్డు నిండా రోగులు, వెనక బెడ్డు కోసం ఇంకొకరు ఎదురుచూస్తుంటారు. సిస్టర్‌కు ఉన్న పది నిమిషాల్లో కూతురికో, కోడలికో చెప్పాల్సినవి ఇవీ: పాలో జావో పోసే ముందు ట్యూబు కడుపులోనే ఉందా, జారిందా చూసుకోవాలి. పడుకోబెట్టి పోయకూడదు. తల వైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తు లేపి, మెల్లగా పోసి, చివర నీళ్లు పోసి ట్యూబు కడగాలి. పోశాక కనీసం అరగంట తల దించకూడదు. ఇందులో ఒక్కటి తప్పినా పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా పట్టుకోవచ్చు. మూత్రం సంచి ఎప్పుడూ నడుము కిందికే ఉండాలి, పక్క మీద పెట్టకూడదు. రెండు గంటలకోసారి మనిషిని పక్కకు తిప్పాలి. తిప్పినప్పుడల్లా పిరుదుల మధ్య ఎముక, తుంటి, మడమలు చూడాలి. చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టు. అది ముదిరితే ఎముక దాకా పోతుంది.

రెండు గంటలకోసారి అంటే రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు. అరవై కిలోల మనిషిని ఒక్కరే తిప్పాలంటే నడుము పట్టేస్తుంది. మోకాలు మడిచి, భుజం, తుంటి పట్టుకుని, దుప్పటి సాయంతో తిప్పే పద్ధతి ఉంది. అది తెలిస్తే బరువు సగం తగ్గినట్టు ఉంటుంది. ఆ పద్ధతి చేతులు పట్టుకుని నేర్పితే వచ్చేది, చెబితే వచ్చేది కాదు. ఒంటికి, రెంటికి ఎత్తడం మాత్రమే ఈ పని అనుకునేవాళ్లకు ఇందులో ఉన్న విద్య కనపడదు. విద్య కనపడని పనికి జీతం కట్టబుద్ధి కాదు.

చిన్నచూపుకు రెండో మూలం కులంలో, అంటులో ఉంది. ఒంటి మలినాన్ని ముట్టుకునే పనులన్నీ కొన్ని కులాలకే అంటగట్టిన సమాజం మనది. మంత్రసాని పనికి కూడా అదే గతి పట్టింది. ఆ గీతను మొదట దాటినవాళ్లలో మిషన్ ఆసుపత్రులవాళ్లు ఉన్నారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో స్కాట్లాండ్ డాక్టరు ఇసబెల్ కెర్ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి మొదలుపెట్టారు. దానికి రాజా నర్సాగౌడ్ ఆర్థికంగా అండగా నిలిచారు. ఊరు బయటికి నెట్టినవాళ్లకు అక్కడ పుండ్లు కడిగి కట్టు కట్టారు. మన దగ్గర నర్సింగ్‌లోకి తొలి తరాల్లో వచ్చినవాళ్లలో దళిత క్రైస్తవ కుటుంబాల ఆడవాళ్లు చాలామంది. ఆ చదువు వాళ్లకు బువ్వ పెట్టింది, ఇల్లు నిలబెట్టింది. పైకులాలు మాత్రం ఆ వృత్తినే తక్కువగా చూశాయి. “నర్సు పనా? రాత్రి డ్యూటీలా?” అన్న వంకర మాటలు ఈ మధ్య దాకా విన్నవే, ఇంకా పూర్తిగా పోలేదు.

అయినా నర్సింగ్ విషయంలో చూపు మారింది. ఎందుకు మారిందో చూస్తే అసలు కీలకం అర్థమవుతుంది. 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్‌బీ స్టేడియంలో 6,956 మంది స్టాఫ్ నర్సులకు ప్రభుత్వం నియామక పత్రాలు ఇచ్చింది. ఒక తండాలో ఒక్క అమ్మాయికి ఆ కాగితం వస్తే, మరుసటి ఏడు ఆ తండా నుంచి నలుగురు జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమాకో, బీఎస్సీ నర్సింగ్‌కో దరఖాస్తు పెడతారు. వాళ్లకు ఎవరూ సేవ గొప్పతనం మీద ఉపన్యాసం ఇవ్వలేదు. పే స్కేలు, సెలవులు, డ్యూటీ చార్టు, పేరు చివర ‘ఆఫీసర్’ అన్న హోదా కళ్ల ముందు కనపడ్డాయి. గౌరవం జీతం వెనకే నడిచి వచ్చింది.

ప్రైవేటులో కథ వేరు. హనుమకొండ నక్కలగుట్టలోనో, కరీంనగర్ మంకమ్మతోటలోనో వరసగా ఆసుపత్రులున్నాయి. నాలుగేళ్లు చదివి అక్కడ చేరిన అమ్మాయికి హాస్టల్ కిరాయి, తిండి పోను ఎంత మిగులుతుందని అడిగితే ఇంట్లో చెప్పుకోలేని జవాబు వస్తుంది. ప్రైవేటు నర్సుల జీతాల సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. 2016లో కోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, యాభైకి లోపు పడకలున్న ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. అది సిఫారసుగానే ఉండిపోయింది. అమలు చేసే బాధ్యత రాష్ట్రాల మీద పెట్టారు. జిల్లాల్లోని చిన్న ఆసుపత్రుల తలుపు తట్టి జీతాల రిజిస్టరు చూసేవాళ్లు లేరు. అందుకే ప్రైవేటు ఉద్యోగం చాలామందికి ప్రభుత్వ నోటిఫికేషన్ వచ్చేదాకా, లేదా వీసా వచ్చేదాకా కాలం గడిపే చోటు అయింది.

నర్సు కింది మెట్టు మీద ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా దిగువ. పదో తరగతి, ఇంటర్ చదివినవాళ్లకు కొన్ని నెలల జనరల్ డ్యూటీ అసిస్టెంట్ శిక్షణ ఇస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు. ఆ సర్టిఫికెట్‌తో ఆసుపత్రి వార్డులోనో, ఇంటికి మనిషిని పంపే ఏజెన్సీలోనో చేరతారు. ఏజెన్సీ రోగి కుటుంబం దగ్గర ఒక మొత్తం తీసుకుంటుంది, చేసే మనిషికి అందులోంచి కోత వేసి ఇస్తుంది. ఇరవై నాలుగు గంటల డ్యూటీ అంటే నిజంగానే ఇరవై నాలుగు గంటలు. రోగి మంచం పక్కనే చాప వేసుకుని, పైన చెప్పిన ఆ రెండు గంటల లెక్కతోనే పడుకోవాలి. చాలా ఇళ్లలో రోగి పనితో పాటు గిన్నెలు, బట్టలు కూడా వచ్చి చేరతాయి. ఎక్కడా రాసుకున్న ఒప్పందం ఉండదు కాబట్టి ఇది నా పని కాదని చెప్పే వీలుండదు. రోగి చనిపోతే ఆ రోజుతో జీతం ఆగిపోతుంది. ఏడాది పాటు బిడ్డలా చూసుకున్న మనిషి పోయిన దుఃఖం ఒకవైపు, మరునాడు ఎక్కడ పని దొరుకుతుందన్న దిగులు ఒకవైపు. ఆ దుఃఖానికి సెలవు ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

అన్నిటికంటే యువతను వెనక్కి నెట్టేది ఇది: ఈ పనిలో పైకి పోయే మెట్టు లేదు. జీఎన్ఎం చదివినవాళ్లు రెండేళ్ల పోస్ట్ బేసిక్ కోర్సుతో బీఎస్సీకి, అక్కడి నుంచి ఎమ్మెస్సీకి పోవచ్చు. డ్యూటీ అసిస్టెంట్‌గా ఐదేళ్లు చేసినా ఆ ఐదేళ్లు నర్సింగ్ సీటులో ఒక్క మార్కుకు కూడా పనికిరావు. ఇరవై ఏళ్లకు చేరిన చోటే నలభై ఏళ్లకు ఉంటానని తెలిసిన ఉద్యోగంలో ఏ పిల్ల, ఏ పిల్లగాడు చేరతారు? డెలివరీ బాయ్ పనికీ మెట్టు లేదు నిజమే. కానీ అక్కడ ఇష్టం వచ్చినప్పుడు యాప్ ఆపేయొచ్చు, రాత్రి ఇంటికొచ్చి పడుకోవచ్చు. ఎండలో బండి తిప్పే పనిని ఎంచుకున్న కుర్రాడు తన నిద్రకు, తన సాయంత్రానికి విలువ కట్టుకున్నాడు.

ఇప్పుడు మళ్లీ విదేశం వైపు చూస్తే అది ఎందుకు లాగుతోందో తెలుస్తుంది. ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌కు వారాంతపు సెలవు, కనీస వేతనం చట్టంలో ఉన్నాయి. మామూలుగా 63 నెలల వరకు ఉండొచ్చు. పోయేముందే ఎన్నేళ్లు, ఎంత, ఎప్పుడు తిరిగి రావాలి అన్న లెక్క వేసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పి జర్మనీకి, జపాన్ భాష నేర్పి జపాన్‌కు పంపుతోంది. జపాన్ 2019లో మొదలుపెట్టిన నైపుణ్య వీసాలో వృద్ధుల సంరక్షణ ఒక ప్రత్యేక రంగం. దానికి భాషా పరీక్షతో పాటు ఆ పని మీద వేరే పరీక్ష కూడా ఉంటుంది. జర్మనీ 2024లో భారతీయ నిపుణులకిచ్చే వీసాలను ఏడాదికి 20,000 నుంచి 90,000కు పెంచింది. ముసలివాళ్లు పెరిగి, చూసుకునే చేతులు తగ్గిన దేశాలు అవి. పరీక్ష పెట్టడం వల్ల ఆ పని నేర్చుకోదగ్గ విద్య అయింది.

అక్కడ అంతా బాగుందని కాదు. వీసా కోసం ఏజెంట్లకు లక్షలు కట్టి, ఆ అప్పు తీర్చడానికే మొదటి ఏళ్లు ఖర్చయినవాళ్లున్నారు. పరాయి ఇంట్లో ఒంటరితనం, యుద్ధంలో బంకర్ల మధ్య పరుగులు ఉన్నాయి. పైగా కరీంనగర్ కొడుకు ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఒక పెద్దాయనకు తినిపిస్తున్న సమయంలో ఇక్కడ వాళ్ల నాయన ఒంటరిగా పడి ఉంటాడు. ఆ ముసలాయనను చూసుకోవడానికి కొడుకు పంపిన డబ్బుతో మనిషిని పెట్టాలంటే మనిషి దొరకడు. దొరికే పరిస్థితులు లేకనే కదా ఆ కొడుకు వెళ్లింది.

రేపు ఈ కొరత ఇంకా పెరుగుతుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో మహిళకు సగటున 1.8 మంది పిల్లలు. ఇద్దరు పిల్లల్లో ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న ఇళ్లు ఇప్పటికే హనుమకొండ కాలనీల్లో వరసగా ఉన్నాయి. 2050 నాటికి దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు అరవై దాటినవాళ్లే ఉంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి నివేదిక చెప్పింది. వాళ్లలో చాలామంది ఈ రోజు ముప్పైల చివర్లో, నలభైల్లో ఉన్నవాళ్లు. అంటే ఈ వ్యవస్థ ఎవరి కోసమో కాదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది న్యాయమైన ప్రశ్న, దాన్ని దాటవేయడం తప్పు. చేసేవాళ్లకు మంచి జీతం ఇవ్వాలంటే పెట్టుకునే కుటుంబం భరించాలి. ఆసరా వృద్ధాప్య పింఛను 2,016 రూపాయలు. మంచాన పడ్డ మనిషికి రోజుకు రెండు డైపర్లు వాడితే, ఒక్కోటి ముప్పై అయిదు రూపాయలనుకున్నా నెలకు 2,100. పింఛను డైపర్లకే చాలదు, ఇక మనిషిని పెట్టుకునేది ఎక్కడ? 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గరికి పోయి పిల్లల నుంచి భరణం అడగొచ్చు. ఆ చట్టం డబ్బు ఇప్పించగలదు, రాత్రి రెండింటికి పక్కకు తిప్పే చేతులను ఇప్పించలేదు. కాబట్టి ఇది కుటుంబాల మంచితనానికో, మార్కెట్‌కో వదిలేస్తే తేలే లెక్క కాదు. ప్రభుత్వ జీతంతో ఇంటికి వచ్చే మనుషులు కావాలి.

అందుకు మొలక మన దగ్గరే ఉంది. రాష్ట్ర ప్రభుత్వ పాలియేటివ్ సేవల్లో ‘ఆలన’ వాహనాలు నర్సుతో పాటు పల్లెలకు వెళ్లి, నయం కాని జబ్బులతో ఇంట్లో ఉన్నవాళ్లకు పుండ్లు కడిగి, ట్యూబులు మార్చి, ఇంటివాళ్లకు పద్ధతులు నేర్పి వస్తున్నాయి. జిల్లాకు ఒకటో రెండో బండ్లు ఉంటే ఒక్కో ఇంటికి మళ్లీ తిరిగి వచ్చేసరికి చాలా రోజులు పడుతుంది. ప్రతి మండలానికి శిక్షణ పొందిన నలుగురు యువతీయువకులను, జీతం, పనిగంటలు రాసిచ్చి ఆ బండ్లకు జోడిస్తే పని ఎలా ఉంటుందో ఊరికి కనపడుతుంది. యూనిఫాం వేసుకుని వచ్చి, రక్తపోటు చూసి, పుండు కడిగి, రాసుకుని పోయే కుర్రాడిని చూసిన ఊరు పెళ్లి సంబంధం దగ్గర వేరే మాట మాట్లాడుతుంది.

ఇక్కడ మగపిల్లల సంగతి వేరుగా చెప్పుకోవాలి. మంచాన పడ్డ మగ రోగులకు మగ సహాయకుడు కావాలని కుటుంబాలే అడుగుతాయి, దొరకరు. మగపిల్లలు రావాలంటే ఆడవాళ్ల పని అన్న ముద్ర పోవాలి. అది బడిలో పాఠంతో పోదు. ఇంట్లో నాయనమ్మకు అన్నం తినిపించే పని మనవడికి కూడా పంచితే, వార్డులో బ్రదర్‌గా పనిచేసేవాడికి సరైన జీతం కనిపిస్తే పోతుంది. ఇజ్రాయెల్ వెళ్లిన మగవాళ్లు తిరిగి వచ్చాక ఆ అనుభవాన్ని ఇక్కడ ఎక్కడా వాడుకోలేకపోతున్నారు. ఐదేళ్లు ఒక వృద్ధుడిని కంటికి రెప్పలా చూసుకున్న మనిషి ఊరికొచ్చి కిరాణా కొట్టు పెట్టుకోవడమో, మళ్లీ ఇంకో దేశం వీసా వెతుక్కోవడమో చేయాల్సి వస్తోంది. పక్క ఊళ్ల పిల్లలకు నేర్పగల గురువులు వాళ్లు.

కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది, రాష్ట్రంలోని నర్సింగ్ డిగ్రీ చదువులు చాలావరకు దాని కిందికే వస్తాయి. మంచం పక్కన పనిచేసిన ఏళ్లకు, ఇక్కడైనా ఇజ్రాయెల్‌లోనైనా, పరీక్ష పెట్టి గుర్తింపునిచ్చి నర్సింగ్ చదువులోకి దారి తెరిచే కోర్సు మొదలుపెట్టడానికి చొరవ తీసుకోవలసింది ఆ విశ్వవిద్యాలయమే. నర్సింగ్ కౌన్సిల్ అనుమతి కావాలి, నిబంధనలు మారాలి, ప్రభుత్వం డబ్బు పెట్టాలి. ఎంజీఎం వార్డుల్లో డిశ్చార్జి రోజు కుటుంబాలకు అరగంట కూర్చోబెట్టి నేర్పే మనిషిని పెట్టడానికి మాత్రం ఏ చట్టమూ మారనక్కరలేదు. ఆ మనిషి జీతానికి ఒక పోస్టు మంజూరైతే చాలు, ఆ పని రేపే మొదలుపెట్టొచ్చు.